అమెరికా కోర్టు తీర్పు వచ్చిందన్న వార్త చూస్తే ముందు ఏం చేయాలి?

హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకి, పిల్లలకి ఇచ్చేది) మీద ఉన్నవాళ్ల ఇంట్లో ‘కోర్టు’ అనే మాట వినపడితే చాలు, టెన్షన్ మొదలవుతుంది. ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, ఉంటుందా, ఉద్యోగం ఏమవుతుంది, ఇంటి లోన్ ఎలా కట్టాలి అని. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలు టీవీలో స్క్రోలింగ్ చూసి, ఇక్కడ అర్ధరాత్రి అని కూడా చూడకుండా ఫోన్ చేస్తారు. ఆ గంటలో మన చేతిలో ఉండేది ఒక ఫార్వర్డ్, దాని కింద పది మంది అభిప్రాయాలు. అసలు తీర్పు కాగితం మాత్రం ఆ గ్రూపులో ఎవరూ తెరిచి ఉండరు.

తెరవడానికి లాయర్ అయి ఉండక్కర్లేదు. ఇది ఏ కోర్టు, కేసు ఏ దశలో ఉంది, ఆదేశం ఎవరిదాకా వెళ్తుంది అన్న మూడు సంగతులు తెలిస్తే, మీరు కంగారు పడాలో లేదో చాలావరకు తేలిపోతుంది. హెచ్4 ఈఏడీ కేసునే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. పదేళ్లు నడిచి దాదాపు అన్ని మెట్లూ ఎక్కిన కేసు అది.

మొదట కోర్టు పేరు చూడండి

మన దగ్గర రాష్ట్ర చట్టం మీద గొడవైనా, కేంద్ర చట్టం మీద గొడవైనా వెళ్లేది అదే హైకోర్టుకి, ఆపైన అదే సుప్రీంకోర్టుకి. అమెరికాలో అలా కాదు. రెండు వేర్వేరు వరసలు ఉంటాయి. ఒకటి ఫెడరల్ వరస, అంటే కేంద్రానిది. కింద 94 డిస్ట్రిక్ట్ కోర్టులు, వాటిపైన 13 అప్పీల్ కోర్టులు, అన్నిటికీ పైన తొమ్మిది మంది జడ్జిలున్న సుప్రీంకోర్టు. రెండోది రాష్ట్రాల వరస. ప్రతి రాష్ట్రానికీ సొంతంగా కింది కోర్టులు, పై కోర్టులు ఉంటాయి. రాష్ట్ర చట్టానికి అర్థం ఏమిటన్న విషయంలో ఆ రాష్ట్రపు అత్యున్నత కోర్టుదే చివరి మాట. రాజ్యాంగానికో ఫెడరల్ చట్టానికో సంబంధించిన ప్రశ్న ఉంటే తప్ప వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టదు.

ఇక్కడ పేర్లు బాగా మోసం చేస్తాయి. ‘న్యూయార్క్ సుప్రీంకోర్టు తీర్పు’ అని చదివి అదేదో ఆఖరి మాట అనుకోకండి. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే కేసు మొదలయ్యే కింది కోర్టు. అక్కడ అన్నిటికంటే పైనున్నది కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. మేరీల్యాండ్‌లో కూడా 2022 డిసెంబర్ దాకా అత్యున్నత కోర్టుని కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ అనే పిలిచారు, తర్వాతే సుప్రీంకోర్టుగా మార్చారు. టెక్సస్‌లో ఏకంగా రెండు అత్యున్నత కోర్టులున్నాయి, సివిల్ కేసులకి ఒకటి, క్రిమినల్ కేసులకి మరొకటి.

ఇంకో మాట. ‘ఇమిగ్రేషన్ జడ్జి’ అన్నది వార్తలో ఉంటే, ఆయన పైన చెప్పిన రెండు వరసల్లో దేనిలోనూ లేరు. ఇమిగ్రేషన్ కోర్టులు న్యాయశాఖ కింద పనిచేస్తాయి. ఒక ఇమిగ్రేషన్ జడ్జి ఇచ్చిన నిర్ణయం ఆ ఒక్క మనిషి కేసుకే. మరొకరి కేసులో మరో జడ్జి దాన్ని పాటించి తీరాలని లేదు.

తర్వాత అసలు కాగితం సంపాదించండి

వార్తలో కేసు పేరు, నంబర్ ఉన్నాయేమో వెతకండి. హెచ్4 కేసు పేరు ‘సేవ్ జాబ్స్ యూఎస్ఏ వర్సెస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోంలాండ్ సెక్యూరిటీ’. డిస్ట్రిక్ట్ కోర్టులో దాని నంబర్ 15-సీవీ-615. అంటే 2015లో వేసిన సివిల్ కేసు, వరస సంఖ్య 615. రెండోసారి అప్పీల్ కోర్టుకి వెళ్లినప్పుడు నంబర్ 23-5089 అయింది. మెట్టు మారినప్పుడల్లా నంబర్ మారుతుంది కాబట్టి, పాత నంబర్‌తో వెతికి ‘ఏమీ దొరకలేదు’ అనుకోవద్దు.

సుప్రీంకోర్టు తీర్పులన్నీ ఆ కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా, తీర్పు వెలువడిన రోజే దొరుకుతాయి. ఫెడరల్ కింది కోర్టుల కాగితాలకి పేసర్ (PACER) అనే అధికారిక సైట్ ఉంది. పేజీకి 10 సెంట్లు, ఒక్కో డాక్యుమెంట్‌కి గరిష్ఠంగా 3 డాలర్లు. మూడు నెలల్లో మీ బిల్లు 30 డాలర్లు దాటకపోతే అసలేమీ కట్టక్కర్లేదు. అక్కడ కూడా తీర్పులకి డబ్బులు తీసుకోరు. అకౌంట్ తెరవడం ఇష్టం లేకపోతే కోర్ట్‌లిసనర్ (CourtListener) అనే ఉచిత సైట్‌లో కేసు పేరు కొట్టండి, మనకి కావలసిన పెద్ద కేసులు చాలావరకు దొరుకుతాయి.

అసలు కేసు ఉందో లేదో కూడా చూసుకోవాల్సిన రోజులివి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, ఏవియాంకా అనే విమాన సంస్థ మీద వేసిన కేసులో, లాయర్లే చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులని నిజమైనవని దాఖలు చేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. చదువుకున్న లాయర్లే అలా పడిపోయారు. మీకు ఏ ఏఐ యాప్ అయినా ‘ఫలానా తీర్పు ప్రకారం’ అని చెబితే, ఆ తీర్పుని కోర్టు సైట్‌లో కళ్లారా చూసేదాకా నమ్మకండి.

కేసు ఏ దశలో ఉందో తేల్చుకోండి

ఎక్కువ అపార్థాలు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కొందరు హెచ్4 వాళ్లకి పని చేసుకునే వీలిచ్చిన రూల్ 2015 మే 26న అమల్లోకి వచ్చింది. దానికి ముందే ఏప్రిల్‌లో కేసు పడింది. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో పనిచేసి, తమ స్థానంలో హెచ్1బీ వాళ్లని తెచ్చారని చెప్పుకున్న ఐటీ ఉద్యోగులు వేసిన కేసు అది. 2016లో డిస్ట్రిక్ట్ కోర్టు కొట్టేసింది. రూల్ మంచిదనో చెడ్డదనో చెప్పి కాదు, ఈ రూల్ వల్ల మీకు నష్టం జరుగుతుందని మీరు చూపలేదు కాబట్టి కేసు వేసే అర్హత లేదని. 2019 నవంబర్‌లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగేసింది. హెచ్4 వాళ్లతో ఉద్యోగాలకి పోటీ పడాల్సి వస్తుంది కాబట్టి కేసు వేసే అర్హత ఉందంది. ఆ రోజు ‘హెచ్4 ఈఏడీ వ్యతిరేకులకు అప్పీల్ కోర్టులో విజయం’ అని ఎవరైనా రాస్తే అక్షరాలా అబద్ధం కాదు. కానీ అది చదివి ఉద్యోగం పోయినట్టే అనుకుంటే పొరపాటు. ఆ తీర్పుతో ఎవరి ఈఏడీ పోలేదు, కేసు మళ్లీ కింది కోర్టుకి వెళ్లింది, అంతే.

అసలు ప్రశ్న మీద తీర్పు వచ్చింది 2023 మార్చి 28న. జడ్జి తాన్యా చట్కన్ ప్రభుత్వం వైపు తీర్పిచ్చారు. 2024 ఆగస్టు 2న అప్పీల్ కోర్టు దాన్ని ఖాయం చేసింది. 2025 అక్టోబర్ 14న సుప్రీంకోర్టు ఈ కేసుని విచారణకి తీసుకోనంది.

‘తీసుకోనంది’ అన్నాను చూడండి. ‘సుప్రీంకోర్టు హెచ్4 ఈఏడీని సమర్థించింది’ అన్న హెడ్డింగ్ మీ కంటపడితే అది తప్పు. ఆ రోజు కోర్టు విడుదల చేసిన ఆర్డర్ లిస్ట్ తెరిచి చూడండి. విచారణకి నిరాకరించిన పిటిషన్లు అన్న శీర్షిక కింద పేజీల తరబడి కేసు నంబర్లు, పేర్లు ఉంటాయి. పదేళ్ల కేసుకి అక్కడ దక్కింది ఒక వరస. కారణం ఒక్క మాట కూడా ఉండదు. అలా నిరాకరిస్తే కింది కోర్టు తీర్పు నిలబడుతుంది. అంతకు మించి, రూల్ సరైనదని సుప్రీంకోర్టు చెప్పినట్టు కాదు. రేపు ప్రభుత్వమే కొత్త రూల్ తెచ్చి పాతదాన్ని తీసేయాలనుకుంటే ఈ నిరాకరణ దానికి అడ్డు రాదు. మన ఆర్థిక ప్రణాళికకి ఈ తేడా చాలా పెద్దది.

మిగతా దశలు గుర్తుపట్టడం తేలిక. టీఆర్ఓ (టెంపరరీ రిస్ట్రెయినింగ్ ఆర్డర్) అంటే తాత్కాలిక నిలుపుదల. అవతలి పక్షానికి నోటీసు ఇవ్వకుండా ఇచ్చినదైతే 14 రోజులు, సరైన కారణం ఉంటే మరో 14. ప్రిలిమినరీ ఇంజంక్షన్ అంటే కేసు తేలేదాకా ఆపడం. గెలిచే అవకాశం ఉందని జడ్జి అనుకున్నారే తప్ప గెలిచారని కాదు. సమ్మరీ జడ్జ్‌మెంట్ అంటే ఆ కోర్టు మటుకు అసలు విషయం తేల్చేసింది. స్టే అంటే మనకి తెలిసిందే, కాకపోతే దేని మీద స్టే అన్నది చూడాలి. రూల్ మీద స్టే ఇస్తే రూల్ ఆగుతుంది. రూల్‌ని ఆపిన ఉత్తర్వు మీద స్టే ఇస్తే రూల్ మళ్లీ నడుస్తుంది. ‘కోర్టు స్టే ఇచ్చింది’ అన్న వార్తని తలకిందులుగా అర్థం చేసుకునేది ఇందుకే.

కాగితాన్ని చివరినుంచి చదవండి

వంద పేజీలు చూసి భయపడకండి. ముందు ఆఖరి పేజీకి వెళ్లండి. అప్పీల్ తీర్పులో అక్కడ ఒక ముక్క ఉంటుంది. ‘అఫర్మ్డ్’ అంటే కింది తీర్పు ఖాయం. ‘రివర్స్డ్’ అంటే తిరగేశారు. ‘వెకేటెడ్’ అంటే కింది తీర్పుని రద్దు చేశారు. ‘రిమాండెడ్’ అంటే మళ్లీ చూడమని కింది కోర్టుకి పంపారు. చివరి రెండూ కలిసి కనిపిస్తే కథ ఇంకా అవలేదని గుర్తు. ఈ ముక్క చదివాక మొదటి పేజీకి వెళ్తే మిగతా అంతా సులువుగా ఎక్కుతుంది.

సుప్రీంకోర్టు తీర్పుల ముందు ‘సిలబస్’ అని కొన్ని పేజీల సారాంశం ఉంటుంది. చదవండి, కథ తెలుస్తుంది. కానీ అది తీర్పులో భాగం కాదని ఆ పేజీలోనే రాసి ఉంటుంది, కోర్టు ఉద్యోగి పాఠకుల సౌకర్యం కోసం రాసినది. దాని తర్వాత వచ్చేదే అసలు తీర్పు. వెనకాల కొందరు జడ్జిలు విడిగా రాసుకున్నవి ఉంటాయి. ఘాటైన వాక్యాలు ఎక్కువగా ఉండేది భిన్నాభిప్రాయాల్లోనే, సోషల్ మీడియాలో తిరిగేవీ అవే. ఓడిపోయిన వైపు జడ్జి రాసిన మాటకి చట్టం బలం ఉండదు. స్క్రీన్‌షాట్ వచ్చిందంటే ఆ పేజీ పైభాగంలో ఏ జడ్జి పేరుంది, పక్కన ‘డిసెంటింగ్’ అని ఉందా అన్నది ముందు చూడండి.

మీదాకా వస్తుందా?

సర్క్యూట్ అంటే ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు పరిధి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలవేర్ థర్డ్ సర్క్యూట్ కిందకి వస్తాయి. టెక్సస్, లూసియానా, మిసిసిపి ఫిఫ్త్ సర్క్యూట్. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రం నైన్త్. జార్జియా, ఫ్లోరిడా, అలబామా ఎలెవెన్త్. ఒక సర్క్యూట్ అప్పీల్ కోర్టు చెప్పింది ఆ సర్క్యూట్‌లోని ఫెడరల్ కోర్టులకే శాసనం. డిస్ట్రిక్ట్ జడ్జి చెప్పింది పక్క గదిలోని జడ్జిని కూడా కట్టేయదు. 2025 సెప్టెంబర్‌లో హెచ్1బీ మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో ఒక కేసు, వాషింగ్టన్ డీసీలో మరో కేసు విడివిడిగా పడ్డాయి. అలాంటప్పుడు ఒకచోట వచ్చిన తీర్పుతో రెండోచోట కేసు ముగిసిపోదు.

మరి ఒక్క జడ్జి దేశమంతా ఆపేస్తూ ఇచ్చే ఉత్తర్వుల సంగతి? అక్కడే 2025 జూన్ 27 నాటి ‘ట్రంప్ వర్సెస్ కాసా’ తీర్పు తెలిసి ఉండాలి. ఆ ఏడాది జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డ్ హోల్డరో కాకపోతే, అమెరికాలో పుట్టిన బిడ్డకి పౌరసత్వం లేదంది. హెచ్1బీ, హెచ్4 దంపతులకి ఇంతకంటే దగ్గరి విషయం ఉండదు. ముగ్గురు జడ్జిలు దేశమంతటా దాన్ని ఆపారు. సుప్రీంకోర్టు 6-3తో, కేసు వేసినవాళ్లకి పూర్తి ఊరట ఇవ్వడానికి కావలసినంతకి మించి ఉత్తర్వు ఇచ్చే అధికారం బహుశా ఈ కోర్టులకి లేదంది. పౌరసత్వం ప్రశ్న జోలికి మాత్రం పోలేదు. జన్మతః పౌరసత్వాన్ని ఆ రోజు కోర్టు రద్దు చేసిందని ఎవరైనా చెబితే, వాళ్లు తీర్పు తెరవలేదన్నమాట.

రెండు వారాలకే, జులై 10న, న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ ఉత్తర్వు దెబ్బ తగిలే పిల్లలందరినీ ఒక క్లాస్‌గా, అంటే కలిసి కేసు నడిపే ఒకే వర్గంగా, తాత్కాలికంగా గుర్తించి ఆ క్లాస్ మొత్తానికి ఉత్తర్వుని ఆపారు. ఆ కేసునే ‘ట్రంప్ వర్సెస్ బార్బరా’ పేరుతో సుప్రీంకోర్టు డిసెంబర్ 5న విచారణకి తీసుకుంది. మీ ఇంట్లో బిడ్డ పుట్టబోతుంటే, సుప్రీంకోర్టు సైట్‌లో ఈ పేరుతో డాకెట్ (కేసులో జరిగినవన్నీ తేదీల వారీగా ఉండే చిట్టా) తెరిచి అన్నిటికంటే చివరి ఎంట్రీ చూడండి. ఈ వ్యాసంతో సహా ఏ వ్యాసాన్నీ దానికి బదులుగా పెట్టుకోకండి.

రాష్ట్ర చట్టం సంగతి మరిచిపోకండి

వీసా ఫెడరల్ విషయం కాబట్టి అన్నీ వాషింగ్టన్‌లోనే తేలతాయని మనలో చాలామంది అనుకుంటాం. కన్సల్టెన్సీ మారేటప్పుడు తెలుస్తుంది, కాదని.

ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే నాన్‌కంపీట్ క్లాజుల్ని దాదాపుగా నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన రూల్ 2024 సెప్టెంబర్ 4న అమల్లోకి రావాలి. ఆగస్టు 20న డాలస్‌లోని ఫెడరల్ జడ్జి ఆ రూల్‌నే పక్కకి నెట్టేశారు, దేశమంతటికీ. 2025 సెప్టెంబర్‌లో కమిషన్ తన అప్పీల్‌ని వెనక్కి తీసుకుంది. అంటే మళ్లీ మీ రాష్ట్రమే దిక్కు. కాలిఫోర్నియాలో ఉద్యోగి మీద పెట్టే నాన్‌కంపీట్ చెల్లదు. మిన్నెసోటాలో 2023 జులై 1 నుంచి కుదుర్చుకున్నవి చెల్లవు. టెక్సస్‌లో మాత్రం కాలం, ప్రాంతం, పని పరిధి సహేతుకంగా ఉంటే చెల్లే అవకాశం ఉంది. ఒకే కంపెనీ, ఒకే ఆఫర్ లెటర్ అయినా, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక జవాబు, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇంకో జవాబు వస్తుంది.

‘బాండ్’ సంగతి ఇంకా ముఖ్యం. ముందే మానేస్తే పది వేల డాలర్లు కట్టాలి అని రాయించుకున్నారనుకోండి. హెచ్1బీ ఉద్యోగి ముందుగా మానేసినందుకు కంపెనీ శిక్షగా డబ్బు వసూలు చేయకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. నిజమైన నష్టానికి ముందే అంచనా వేసి రాసుకున్న పరిహారం అయితే వేరు. ఫలానా మొత్తం శిక్షా, పరిహారమా అన్నది తేల్చడానికి చూసేది రాష్ట్ర చట్టాన్నే. కాబట్టి బెదిరింపు మెయిల్ రాగానే డబ్బు పంపేయకండి. మీ అగ్రిమెంట్ తీసి, ‘గవర్నింగ్ లా’ అన్న పేరా వెతకండి. ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందో, ఏ కౌంటీ కోర్టులో కేసు వేయాలో సాధారణంగా అక్కడే ఉంటుంది. మీరు కూర్చుని పనిచేసే రాష్ట్రం పేరుని దాని పక్కన రాసుకోండి. ఈ రెండూ పట్టుకుని ఎంప్లాయ్‌మెంట్ లాయర్ దగ్గరకి వెళ్తే మొదటి పావుగంటలోనే పనికొచ్చే మాట వింటారు.

క్రిమినల్ కేసులూ అంతే. స్టోర్‌లో చిన్న దొంగతనం కేసు, డ్రైవింగ్ కేసు రాష్ట్ర కోర్టులో నడుస్తాయి, దెబ్బ మాత్రం వీసా మీద పడొచ్చు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది డిఫెన్స్ లాయర్ తన క్లయింట్‌కి చెప్పి తీరాలని 2010లో ‘పడీయా వర్సెస్ కెంటకీ’ తీర్పులో సుప్రీంకోర్టు అంది. ‘ఫైన్ కట్టేస్తే అయిపోతుంది’ అన్న సలహా ఎవరిచ్చినా, ఒప్పుకోలు మీద సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. కేసు ముగిశాక కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే ముద్ర వేసిన కాగితం) తీసుకుని దాచుకోండి. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కి వెళ్లే రోజు అది చేతిలో ఉండాలి.

తేదీ చూసి, అప్పుడు అడుగు వేయండి

తీర్పు తేదీ, అప్పీల్ గడువు రెండూ కాగితం మీద రాసుకోండి. ఫెడరల్ సివిల్ కేసులో అప్పీల్‌కి 30 రోజులు, అమెరికా ప్రభుత్వం ఒక పక్షమైతే 60. సుప్రీంకోర్టుకి వెళ్లడానికి 90. ఆ గడువు నడుస్తున్నంత కాలం పరిస్థితి మారవచ్చని లెక్కలో ఉంచుకోండి. తీర్పు వచ్చాక దాన్ని అమలు చేసే సంస్థ ఏమందో కూడా చూడాలి. వీసా, ఈఏడీ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ప్రకటన వచ్చిందా, ప్రభుత్వ గెజిట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో కొత్త రూల్ పడిందా అని. ఇవి కనిపించేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయడం, ఉన్నపళంగా టికెట్ కొనడం, కొన్న టికెట్ రద్దు చేసుకోవడం లాంటివి చేయకండి. మరోవైపు, ఈఏడీ రెన్యువల్ లాంటి మీ సొంత గడువుల్ని మాత్రం కోర్టు కేసు చూసి ఆపకండి. కేసు నడుస్తోందని ఆ తేదీ ఆగదు.

లాయర్‌తో మాట్లాడేటప్పుడు ఫార్వర్డ్ పంపకండి, తీర్పు పీడీఎఫ్ పంపండి. మీ ఐ-797 (ఆమోదం నోటీసు), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), అగ్రిమెంట్ జత చేయండి. ఆ లాయర్ పేరు రాష్ట్ర బార్ సైట్‌లో కొట్టి లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి. కంపెనీ పెట్టిన లాయర్ అయితే, మీకూ కంపెనీకీ గొడవ వచ్చిన చోట ఆయన మీ తరఫున మాట్లాడగలరా అని సూటిగా అడగండి. లేదంటే వేరే లాయర్‌ని చూసుకుని మూడు ప్రశ్నలు వేయండి: ఈ ఉత్తర్వు నా రాష్ట్రంలో అమల్లో ఉందా, నా కేటగిరీకి వర్తిస్తుందా, వచ్చే అప్పీల్ దాకా నేను చేయాల్సిన ఫైలింగ్ ఏదైనా ఉందా. జవాబులు ఈమెయిల్‌లో రాసివ్వమనండి.